కాగితం ఎక్కడుందమ్మా?

తాలూకా కచేరీలో రికార్డు అసిస్టెంటుగా 1981లో చేరాను. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. మధ్యలో ఎన్ని కుర్చీలు మారినా నా మనసు మాత్రం రికార్డు రూములోనే ఉండిపోయింది. దుమ్ము పడక ఇప్పటికీ తుమ్ములొస్తాయి, అది వేరే సంగతి. ఈ నెల ఉత్తరాల్లో ముందుగా నాకు చీవాట్లు పెట్టినదానికే జవాబు.

ప్రశ్న: అమ్మా, పోయిన సంచికలో మా వైపు మనిషికి జవాబిస్తూ సోమవారం శ్రీకాకుళం కలెక్టరేటుకి అర్జీ పట్టుకెళ్ళమన్నారు. నాదీ అదే బాధ కదా అని తెల్లవారుజామునే లేచి రెండు బస్సులు మారి వెళ్ళాను. 'మీది విజయనగరం జిల్లా బాబూ' అన్నారు. ఆ రోజు కూలి పోయింది, ఛార్జీలు పోయాయి. మీరు చూసుకుని రాయొద్దా?
– ఒక పాఠకుడు, సంతకవిటి మండలం

తప్పు నాదే బాబూ. కలం అలవాటు కొద్దీ 'శ్రీకాకుళం' అని రాసేసింది, నేను చూసుకోలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరం జిల్లాలో కలిశాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్ళాయి. ఇది నాకు తెలియక కాదు. ముప్పైతొమ్మిదేళ్ళు నోట్లో నలిగిన మాట అంత తొందరగా పోదు.

ఈ ఉత్తరం నాలాగే పొరబడే మిగతావాళ్ళకీ పనికొస్తుంది కాబట్టి ఇంకొంచెం చెబుతాను. మన ఊళ్ళు కదలకుండా ఉన్నచోటే ఉండి జిల్లాలు మారాయి. సోంపేట, టెక్కలి వైపు ఊళ్ళు 1936 దాకా గంజాం జిల్లా. ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి తాలూకాలు 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టేదాకా శ్రీకాకుళం జిల్లావే. అందుకని ఇవాళ్టి కష్టానికి ఇవాళ్టి జిల్లాకి వెళ్ళాలి. పాత కాగితం కావాలంటే మాత్రం ఆ కాగితం పుట్టిన ఏడాదిలో మీ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది అర్జీలో తప్పకుండా రాయాలి. వెతికే గుమాస్తా కుర్రవాడైతే వాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు.

ఇంకోమాట. అర్జీ ఇవ్వడానికి ప్రతిసారీ జిల్లా కేంద్రం దాకా వెళ్ళక్కర్లేదు. సోమవారం గ్రీవెన్సులో మీ తహసీల్దారు కచేరీలోనూ అర్జీ తీసుకుంటారు. నంబరున్న రసీదు చేతికి వచ్చేదాకా అక్కడినుంచి కదలకండి. మీ అర్జీ ఇంకా కలెక్టరేటుకి చేరలేదు కాబట్టి ఈసారికి అలా చెయ్యండి. బస్సు ఛార్జీలు ఎంతయ్యాయో రాయండి, పత్రికవాళ్ళు ఇవ్వకపోతే నేనిస్తాను.

ప్రశ్న: మేడమ్, మాది సోంపేట దగ్గర ఉద్దానం. నేను హైదరాబాదులో ఉంటాను. మా తాతగారు 1962లో ఎకరా నలభై సెంట్ల కొబ్బరితోట కొన్నారు. తిత్లీ తుపానుకి చెట్లతోపాటు ఇంటి రేకులూ ఎగిరిపోయి, ట్రంకుపెట్టెలోకి నీళ్ళు వెళ్ళి దస్తావేజు పాడైపోయింది. చివరి పేజీ మాత్రం సగం సగం కనిపిస్తోంది. ఇప్పుడు ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో చూస్తే ఆ నంబరు మీద మాది కాని పేరు ఉంది. తాతగారూ లేరు, నాన్నగారూ లేరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

ఆ చివరి పేజీ నుంచే మొదలుపెట్టండి బాబూ. దాన్ని ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు. రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి నీడలో ఆరనివ్వండి. తరవాత వెలుతురు పక్కనుంచి పడేట్టు పెట్టి ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. రిజిస్ట్రారు రాసిన రెండు మూడు వరుసలు కనిపిస్తాయి. 1 పుస్తకం, ఇన్నో వాల్యూము, ఇన్నో పేజీలు, 1962వ సంవత్సరపు ఫలానా నంబరుగా రిజిస్టరు చేయడమైనది అని ఉంటుంది. మీకు కావలసినది ఆ దస్తావేజు నంబరూ సంవత్సరమూ. ఆ రోజుల్లో ప్రతి దస్తావేజునూ రిజిస్ట్రారు కచేరీలో చేత్తో మొత్తం దింపి వాల్యూములో ఉంచేవారు. తడిసింది మీ ప్రతి మాత్రమే. సబ్ రిజిస్ట్రారు కచేరీలో అర్జీ పెట్టి నకలు తీసుకోవచ్చు. దస్తావేజు ఏ కచేరీలో రిజిస్టరయిందో అదే పేజీ మీద గుండ్రటి సీలులో ఉంటుంది, ముందు అది చూడండి.

నంబరు చెరిగిపోయిందంటారా? ఇండెక్సులు వెతికించాలి. ఒకటి పేర్ల మీద ఉంటుంది, ఇంకొకటి ఊరూ ఆస్తీ మీద ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టినవాళ్ళెవరైనా 1వ పుస్తకమూ దాని ఇండెక్సులూ చూడొచ్చు. మీరు మనవడని నిరూపించుకోనవసరం లేదు. వీలునామాలకి ఇలా కుదరదు, వాటి లెక్క వేరు. తాతగారి పేరు ఇంటిపేరుతో ఒకసారి, ఇంటిపేరు లేకుండా ఒకసారి వెతికించండి. అమ్మినవాళ్ళ పేరు తెలిస్తే దాని మీద కూడా.

ఆ పనిలోనే ఈసీకి, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రానికి, దరఖాస్తు పెట్టండి. కంప్యూటరులో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే విడిగా అడిగి చేత్తో వెతికించుకోవాలి. ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి మీకు ఊరికే సంక్రమించినది అందులో ఎక్కడా ఉండదు. 'ఈసీలో మా పేరు లేదండీ' అని కంగారుపడుతూ నాకు ఉత్తరం రాసినవాళ్ళు ఈ ఏడాదిలోనే నలుగురు.

ఇక మీభూమిలో కనిపించిన ఆ పేరు. మీరు ఏ నంబరు కొట్టి చూశారో ఉత్తరంలో రాయలేదు. 1962 దస్తావేజులో ఉన్న నంబరే కొట్టి ఉంటే అది ఇప్పుడు వేరే తోట నంబరు అయ్యుండొచ్చు. పాత నంబరు సబ్‌డివిజన్లు అయి 112 కాస్తా 112/3 అవుతుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ ఊళ్ళో అయిపోయి ఉంటే సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం నంబరు (కొత్త కొలతలతో వేసిన భూమి పటం నంబరు) వచ్చేసి ఉంటుంది. కొత్త నంబరుకి పాతది ఏదో సరిచూసే పట్టిక మీ ఊరి సచివాలయంలో సర్వేయరు దగ్గర అడగండి. దస్తావేజులో హద్దులు రాసి ఉంటాయి కదా, తూర్పు ఫలానావారి తోట, దక్షిణం బాట, అలా. నంబర్లు మారినా ఆ హద్దులు మాట్లాడతాయి. ఎఫ్‌ఎంబీ పటం (పొలం కొలతల పటం) పక్కన పెట్టుకుని, ఊళ్ళో పెద్దవయసు మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని తోట చుట్టూ ఒక్కసారి నడవండి. హైదరాబాదులో కూర్చుని ఫోనులో చూస్తే తేలే పని కాదు.

1-బి, అడంగలు ఒకటే అనుకోకండి. హక్కుదారు ఎవరన్నది 1-బిలో ఉంటుంది. ఆ నేల ఏ రకం, ఎవరు సాగుచేస్తున్నారు, ఏ పంట వేశారు అన్నది అడంగలులో ఏడాదికేడాది రాస్తారు. మీ తోటని ఎవరైనా చూసుకుంటుంటే అడంగలులో వాళ్ళ పేరు ఉండొచ్చు, అంతమాత్రాన తోట వాళ్ళదైపోదు. 1-బిలోనే వేరే పేరుంటే మాత్రం కదలాలి.

పాత అడంగళ్ళు అడిగేటప్పుడు ఫసలీ లెక్కలో, అంటే రెవెన్యూవాళ్ళ సంవత్సరం లెక్కలో, అడగండి, తొందరగా దొరుకుతాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలైలో మొదలై జూనుతో అయిపోతుంది. తాతగారు కొన్నది 1962 జూలై తరవాతైతే ఫసలీ 1372. అంతకు ముందైతే 1371. దానికీ వెనక్కి పోతే, మీ వైపు చాలా ఊళ్ళు జమీందారీల కిందివి. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సెటిల్‌మెంటువాళ్ళు వచ్చి కొలిచి ఎవరిది ఏదో రాసిన రికార్డుని సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలు అంటారు. కచేరీలో 'ఎస్‌ఎఫ్‌ఏ నకలు' అంటే చాలు. తాతగారికి అమ్మినవాళ్ళ పేరో, వాళ్ళ పెద్దల పేరో అందులో ఉంటే మీ దారి సుగమమే.

1984లో కరణాల ఉద్యోగాలు రద్దయినప్పుడు మా కచేరీకి రికార్డులు గోనెసంచుల్లో వచ్చాయి. కొన్ని ఎడ్లబళ్ళ మీద, కొన్ని కరణంగారి అబ్బాయి సైకిలు వెనక. ఒక సంచిలో అడంగళ్ళ మధ్య పంచాంగాలు, పెళ్ళి శుభలేఖలు, ఒక పిల్లవాడి చేతిరాత పుస్తకం దొరికాయి. అవన్నీ విడదీసి ఊరివారీగా కట్టలు కట్టడానికి నాకు పధ్నాలుగు నెలలు పట్టింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 'రికార్డు లేదు' అని మొదటిసారి అన్నారంటే చాలాసార్లు 'ఆ కట్టలో లేదు' అనే. పక్క ఊరి కట్ట కూడా ఒకసారి చూడమని మర్యాదగా అడగండి.

మా ఇంటి సంగతే చూడండి. రికార్డులు కంప్యూటరుకి ఎక్కించేటప్పుడు మా అత్తగారి పేరు ముందున్న 'అప్పల' ఎగిరిపోయింది. మన జిల్లాల్లో 'అప్పల' తీసేస్తే మిగిలిన పేరుతో ఊరికి పదిమంది ఉంటారు. ఆమె పొలం ఇంకో ఆమె ఖాతాలో కలిసిపోయింది. రిటైరైన డిప్యూటీ తహసీల్దారుని నేనే వెళ్ళినా ఆ మూడక్షరాలు తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. కాబట్టి మీ దానిలో ఉన్నది దొంగతనమో, టైపు తప్పో తేలేదాకా ఎవరితోనూ గొడవపెట్టుకోకండి.

టైపు తప్పైతే సచివాలయంలో సవరణకి దరఖాస్తు సరిపోతుంది. అసలు తాతగారి తరవాత పేరు మార్చుకోనే లేదని తేలితే ఆయన, మీ నాన్నగారి మరణ ధ్రువపత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకుని మ్యుటేషన్‌కి పెట్టాలి. మీ మేనత్తలుంటే వాళ్ళతో ముందే మాట్లాడండి, చివర్లో సంతకం అడిగితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. నిజంగానే ఎవరో ఎక్కించుకున్నారని తేలితే 1971 నాటి పాస్‌పుస్తకాల చట్టం కింద ఆర్డీఓ దగ్గర అప్పీలు వేయాలి. దానికి వకీలుని పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మా, నేను 1978లో బొబ్బిలి దగ్గర పల్లెలో ఇంట్లోనే పుట్టాను. మంత్రసాని పురుడు పోసిందట. మా అమ్మాయి అమెరికాలో ఉంది. అక్కడి కాగితాలకి నా పుట్టిన సర్టిఫికెట్ కావాలంటోంది. పంచాయతీలో అడిగితే అంత పాతవి లేవన్నారు. టెన్త్ సర్టిఫికెట్‌లో 1978 జూలై 1 అని ఉంది. అమ్మేమో దసరాకి ముందు పుట్టావంటుంది.
– ఒక సోదరి, విశాఖపట్నం

మన తరంలో సగం ఊరు జూలై ఒకటినే పుట్టింది తల్లీ. బడిలో వేసినరోజు మాస్టారు ఆ తారీకు రాసేసేవారు. మా ఆయనా అంతే.

ఆ రోజుల్లో పల్లెల్లో జనన మరణాలు గ్రామ మునసబు రాసేవారు. ఆ రిజిస్టర్లు తాలూకా కచేరీకి చేరేవి. 1985లో మండలాలు వచ్చినప్పుడు రికార్డులు మండల కచేరీలకి పంచారు. అందుకని పంచాయతీలో లేదంటే మీ ఊరి తహసీల్దారు కచేరీలో అడగాలి. వెతకమనేటప్పుడు మీ పేరు చెబితే దొరకదు. అప్పటికి మీకు పేరు పెట్టలేదు. ఆ వరసలో 'ఆడ' అని, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, అంతే ఉంటాయి. నాన్నగారి పేరు మీద 1978 మొత్తం చూడమనండి, 1979 మొదటి నెలలు కూడా. మునసబులు కొందరు మూడు నెలలది ఒకేసారి కూర్చుని రాసేవారు. పైన 'శ్రీకాకుళం జిల్లా, బొబ్బిలి తాలూకా' అని ఉంటే ఇది మాది కాదని తిప్పి పంపకుండా, విజయనగరం జిల్లా ఆ మరుసటి ఏడే పుట్టిందని మీరే చెప్పండి.

దొరక్కపోతే ఊరికే వచ్చేయకండి. వెతికినా రికార్డు లభ్యం కాలేదని రాతపూర్వకంగా ధ్రువపత్రం తీసుకోండి. బయటి దేశాల పనులకి అదీ, టెన్త్ సర్టిఫికెట్టూ, మీ అమ్మగారి అఫిడవిట్టూ కలిపి చూపిస్తే చాలాచోట్ల నడుస్తుంది. కాదు, సర్టిఫికెటే కావాలంటే ఆలస్యపు నమోదు ఉంది. ఏడాది దాటినవాటికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 1969 చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చాక ఆ అధికారం కలెక్టరు, ఆర్డీఓ స్థాయివాళ్ళకి వచ్చింది. అప్పుడు ఏ తారీకు వేయించుకుంటారో ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టు, ఆధారు అన్నీ జూలై ఒకటితో ఉంటే దాన్ని కదిలించకండి. దసరా పుట్టినరోజు అమ్మ దగ్గరే ఉంచుకోండి, ఆవిడకి పాయసం వండే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: సచివాలయంలో పదిమంది ఉంటారు. ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. ముసలివాణ్ణి, ఎవర్ని అడగాలి?
– ఒక పెద్దాయన, నరసన్నపేట

ఏ దరఖాస్తైనా ముందు డిజిటల్ అసిస్టెంటు దగ్గరికి వెళ్ళండి బాబుగారూ. భూమి, కులం, ఆదాయం సంగతైతే అది వీఆర్వోకి వెళ్తుంది. కొలతలు సర్వేయరు. ఇంటిపన్ను, జనన మరణాలు పంచాయతీ కార్యదర్శి. పింఛను సంగతి వెల్ఫేర్ అసిస్టెంటు. మనవడి చేతిలో వాట్సాప్ ఉంటే 95523 00009కి 'హాయ్' అని పంపమనండి, అది ప్రభుత్వం 2025 జనవరిలో పెట్టిన మన మిత్ర. కొన్ని సర్టిఫికెట్లకి గుమ్మం దిగక్కర్లేదు. మనవడు విసుక్కుంటే నా పేరు చెప్పండి.

ప్రశ్న: మా ఊళ్ళో సిమెంటు రోడ్డు వేశారు. రెండు వానలకే పెచ్చులు లేచింది. ఎంత డబ్బు వచ్చిందని అడిగితే 'నువ్వెవరివి అడగడానికి' అన్నారు. సమాచార హక్కు కింద ఒకసారి అర్జీ పెట్టాను, నెల దాటినా జవాబు లేదు. డిగ్రీ చదువుతున్నాను.
– ఒక తమ్ముడు, గజపతినగరం వైపు

మీ అర్జీ నకలు పంపారు, చదివాను. 'రోడ్డు ఎందుకు నాసిరకంగా వేశారు? బాధ్యులెవరు?' అని అడిగారు. ఇలా అడిగితే జవాబు రాదు తమ్ముడూ, వచ్చినా ఒక్క ముక్క రాదు. సమాచార హక్కు చట్టం కింద ఉన్న కాగితం అడగాలి. ఎందుకు, ఎవరు తప్పు చేశారు అన్నవి కాగితాలు కావు. ఇలా రాయండి: 'ఫలానా వీధిలో ఫలానా ఇంటినుంచి ఫలానా ఇంటివరకు వేసిన సిమెంటు రోడ్డుకి సంబంధించి అంచనా ప్రతి, పని మంజూరు ఉత్తర్వు, ఎం-బుక్కు (కొలతల పుస్తకం)లో ఆ పని పేజీలు, చెల్లించిన బిల్లుల ప్రతులు ఇప్పించగలరు.' నాలుగు వస్తువులు, నాలుగింటికీ పేరుంది. లేవనడం కష్టం.

గ్రామస్థాయి కచేరీకి రుసుము లేదు. మండలస్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. నకళ్ళకి పేజీకి 2 రూపాయలు. ఎం-బుక్కు కార్యదర్శి దగ్గర కాక ఇంజినీరు దగ్గర ఉంటే, ఐదు రోజుల్లో మీ అర్జీ అక్కడికి ఆయనే పంపాలి. అది 6(3) సెక్షన్, ఆ నంబరు అర్జీలోనే రాసేయండి.

పాత అర్జీకి 30 రోజులు దాటాయి కాబట్టి జవాబు నిరాకరించినట్టే లెక్క. అక్కణ్ణుంచి ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు. అప్పీలు అధికారి ఎవరో కచేరీ గోడ మీద బోర్డులో ఉండాలి. లేకపోతే బోర్డు లేదని ఫొటో తీసి జతచేయండి. ఆ అర్జీలో సరుకు లేదు కనుక నేనైతే దాన్ని వదిలి కొత్తగా పెడతాను. స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. ఈలోగా ఈగ్రామ్‌స్వరాజ్ సైటులో మీ పంచాయతీ పేరు కొట్టి ఆర్థిక సంఘం డబ్బు దేనికి ఖర్చు రాశారో చూడండి. ఉపాధి హామీ కింద వేసిన రోడ్డైతే ఆ పథకం సైటులో పని పేరుతో సహా ఉంటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకొకటి. కచేరీ పాత ఉత్తరాల మీద నంబరు ముందు ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని ఉంటాయి. ఆర్ అంటే ఎప్పటికీ ఉంచాలి, డి అంటే పదేళ్ళు, ఎల్ అంటే ఏడాది. మీకు వచ్చే జవాబు మీద ఏ అక్షరం వేశారో చూసుకోండి, ఎల్ అయితే నకళ్ళు వెంటనే అడిగేయండి.

ఎం-బుక్కు పేజీ చేతికొచ్చాక అందులో రోడ్డు పొడవు, వెడల్పు, మందం రాసి ఉంటాయి. పొడవు కొలవడానికి మేస్త్రీ దగ్గర యాభై మీటర్ల టేపు అరువడగండి. రెండో కొస పట్టుకోవడానికి ఊళ్ళో అందరూ నమ్మే మనిషినొకరిని పిలవండి. పొద్దున్నే ఆవులు రోడ్డెక్కకముందు కొలిచి, ఎన్ని మీటర్లు వచ్చిందో నాకు రాయండి.